తాబేలు పిల్లలు ముఖ్య అతిథి కోసం ఆగవు

ఎడిటర్ గారికి,

నమస్కారం.

ఏటా మార్చి వచ్చిందంటే పత్రికల్లో ఒకే రకం ఫొటో కనబడుతుంది. సముద్రం ఒడ్డున ప్లాస్టిక్ టబ్బు, అందులో ఒకదాని మీదొకటి ఎక్కి కొట్టుకుంటున్న ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు, చుట్టూ అతిథులు, తలా ఒక పిల్ల చేతిలో. వెనకాల నిలువెత్తు ఎండ. ఆ ఎండ గురించే ఈ ఉత్తరం. తీరంలో తాబేళ్ల గస్తీ, గుడ్ల సంరక్షణ పనుల్లో ఉన్న కొందరం కలిసి రాస్తున్నాం.

పిల్ల గుడ్డు చీల్చుకున్న వెంటనే పైకి రాదు. రెండు మూడు రోజులు గుంతలోనే ఉండి, పొట్టకు అంటుకున్న సొనను లోపలికి లాక్కుంటుంది. తర్వాత అన్నీ కలిసి ఇసుక తోడుకుంటూ పైకి చేరతాయి. పైపొర ఇసుక చల్లబడేదాకా అక్కడే ఆగుతాయి, అందుకే బయటపడేది దాదాపుగా రాత్రిపూటే. బయటికి వచ్చాక ఒక పగలూ ఒక రాత్రీ ఆగకుండా ఈదే సత్తువ వాటికి ఆ సొన వల్లే వస్తుంది. ఒడ్డు పక్క నీళ్లలో తినేసే చేపలు ఎక్కువ కాబట్టి, ఆ సత్తువ ఉండగానే లోతు నీళ్లకు చేరుకోవాలి. పదిహేను, ఇరవై గ్రాముల ప్రాణి అది. రాత్రి రెండింటికి బయటపడ్డ పిల్లను ఉదయం తొమ్మిదింటి కార్యక్రమం దాకా టబ్బులో ఉంచితే, ఏడు గంటలపాటు ప్లాస్టిక్ గోడను తంతూనే ఉంటుంది. టబ్బులో నీళ్లు పోస్తే ఇంకా చేటు: నీళ్లు తగలగానే ఈత మొదలుపెట్టి, సముద్రంలో ఖర్చుపెట్టాల్సిన బలమంతా అక్కడే అవగొడుతుంది. ఫొటోలో చలాకీగా కనబడే పిల్ల నీళ్లలో పడ్డాక అల కొట్టిన చోటే తేలుతుంటుంది. కాకి ఊరుకుంటుందా, గద్ద ఊరుకుంటుందా.

బడి పిల్లలకు, అతిథులకు చూపించడం తప్పని మేం అనడం లేదు. తాబేళ్ల మీద జనానికి మమకారం పెరిగిందంటే అందులో ఈ ఫొటోల పాత్ర కూడా ఉంది. కానీ అతిథులే రాత్రి హేచరీ దగ్గరికి, అంటే గుడ్లు పాతిపెట్టి కాపాడే చోటికి, రావాలి. సాయంత్రం ఏడు నుంచి తెల్లవారుజాము లోపు ఏ గంటకైనా తాబేలు పిల్లలు బయటికి రావచ్చు, రాకపోనూ వచ్చు. కార్డు మీద 'ఉదయం 9 గంటలకు' అని అచ్చు వేయించారంటే, అంతకు ముందు రాత్రి కొన్ని వందల పిల్లల్ని ఆపి ఉంచుతామని ముందే ఒప్పుకున్నట్టే.

హేచరీ అంటే మన తీరంలో ముందు గుర్తొచ్చేది రొయ్యల హేచరీ. తాబేళ్ల హేచరీ అలాంటిది కాదు. యంత్రాలు, ట్యాంకులు ఏమీ ఉండవు. పోటు గీతకు పైన కంచె కట్టిన ఇసుక నేల, అంతే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఒడ్డెక్కి గుడ్లు పెట్టే తాబేళ్ల గుంతల్ని కుక్కలు, నక్కలు, పందులు తవ్వేస్తాయి, కొన్నింటిని సముద్రం కోసుకుపోతుంది. అందుకని గుడ్లు తెచ్చి ఇక్కడ పాతిపెడతారు. ఇది గతిలేక చేసే పని. జన సంచారం లేని, కోత లేని చోట గుంతను కదపకుండా, పైన ఇనుప జాలీ పరిచి అంచులు ఇసుకలో పాతి వదిలేయడమే మంచిది. జాలీ కళ్లు పిల్ల దూరేంత, అంటే ఎనిమిది పది సెంటీమీటర్లు ఉండాలి. కోడిపిల్లల జాలీ వేస్తే పిల్లలు కిందే ఇరుక్కుని ఎండకు మాడిపోతాయి. దొరికిన ప్రతి గుంతనూ తవ్వి తెచ్చి 'ఇన్ని గుడ్లు సేకరించాం' అని లెక్క చూపించే అలవాటు మానుకోవాలి.

తేవాల్సి వస్తే ఆ పనంతా గంటల లెక్క మీద నడుస్తుంది. గుడ్డు పడిన కొద్ది గంటలకే లోపలి పిండం పెంకు పైభాగానికి అంటుకుంటుంది. ఆ తర్వాత గుడ్డు దొర్లితే పిండం ఊడి చనిపోతుంది. పైకి ఏమీ తెలియదు, గుడ్డు తెల్లగానే ఉంటుంది. రెండు మూడు గంటల్లో తీసి మళ్లీ పాతిపెట్టడం ఉత్తమం. ఆరు గంటలు దాటాక ముట్టుకోకపోవడమే మేలు. ఉదయం వాకింగుకు వచ్చినవాళ్లు చెప్పిన గుంతను పదింటికి తవ్వితే, అది సంరక్షణ అనిపించుకోదు. సముద్రం కోసేస్తున్న చోట ఉండి తప్పనిసరైతే, ప్రతి గుడ్డు నెత్తిన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి, ఆ చుక్క పైకే ఉండేట్టు తియ్యాలి, అలాగే పెట్టాలి. పెన్ను, మార్కర్ వద్దు.

జాడ పట్టడం దగ్గరే చాలా గుడ్లు పోతాయి. రిడ్లే జాడ డెబ్భై, ఎనభై సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. కుడి ఎడమ రెక్కలు మార్చి మార్చి వేస్తుంది కాబట్టి గుర్తులు ఎదురెదురుగా కాక ఒకటి వెనక ఒకటిగా పడతాయి. జాడ పైకి వెళ్లి, ఇసుక చెదిరిన చోటు దాటి, మళ్లీ సముద్రానికి దిగుతుంది. చెదిరిన చోటంతా గుంత కాదు. గుడ్లు పెట్టాక తాబేలు ఒంటితో తపతపా దిమ్మిస కొట్టి, చుట్టూ ఇసుక ఎగజల్లి ఆనవాలు చెరిపేస్తుంది. కొందరు ఇనుప ఊచ గుచ్చి వెతుకుతారు. ఊచ సర్రున దిగినచోట గుంత ఉన్న మాట నిజమే, కానీ కొస గుడ్డుకు తగిలిందంటే ఆ ఒక్క గుడ్డుతో పోదు. కారిన సొనకు చీమలు చేరతాయి, బూజు పడుతుంది, పక్క గుడ్లకు పాకుతుంది. చేత్తో తడిమి, గట్టి ఇసుక మధ్య మెత్తగా తగిలే చోటు వెతకడం ఆలస్యమే, కానీ అదే పద్ధతి. కొన్నిసార్లు తాబేలు గుడ్లు పెట్టకుండానే తిరిగిపోతుంది. అది ఉత్తి జాడ. దాన్నీ పుస్తకంలో రాయాలి, ఎందుకో తర్వాత చెప్తాం.

గుడ్లు పెడుతున్న తాబేలు ఎదురుపడితే గస్తీవాళ్లు దూరంగా, దాని వెనక కూర్చోవాలి. ఒడ్డెక్కే సమయంలో టార్చి పడితే వెనక్కి మళ్లుతుంది. ఎర్ర కాగితం చుట్టిన లైటు చాలు. మొత్తం పని గంటలోపే అయిపోతుంది, అంతసేపు ఆగలేనివాళ్లు గస్తీకి రాకపోతే నష్టం లేదు.

ఒక గుంతలో సాధారణంగా వంద, నూట ఇరవై గుడ్లు ఉంటాయి. దోమల మందు, కొబ్బరినూనె రాసిన చేతులతో ముట్టుకోకూడదు. కింద తడి ఇసుక పరిచిన గుడ్డ సంచి గానీ బకెట్టు గానీ వాడాలి. మూతి కట్టిన పాలిథిన్ కవరులో వేడి పుడుతుంది. బండి మీద గతుకుల్లో ఎగరేసుకుంటూ తేవడం కంటే కిలోమీటరు నడవడం నయం. తీసేముందు అసలు గుంత లోతు కొలిచి రాసుకోవాలి. హేచరీలో గుంత కూజా ఆకారంలో ఉండాలి: పైన జానెడు వెడల్పు మెడ, అడుగున అంతకంటే విశాలమైన పొట్ట, మొత్తం లోతు దాదాపు 45 సెంటీమీటర్లు. పారతో తవ్వితే ఈ ఆకారం రాదు, చేత్తోనే రావాలి. గుడ్లు పెట్టాక ముందు తడి ఇసుక, ఆ తర్వాతే పైన పొడి ఇసుక వెయ్యాలి. తిరగేసి వేస్తే పొడి ఇసుక గుడ్ల సందుల్లోకి జారి గాలి ఆడకుండా చేస్తుంది. గుడ్డు కూడా ఊపిరి పీల్చే వస్తువే కదా.

రెండు గుంతల మధ్య మీటరు ఎడం తగ్గకూడదు. చోటు చాలక అరమీటరుకు ఒకటి పెట్టిన హేచరీలు ఉన్నాయి. ఎదిగే పిండాలు వేడి పుట్టిస్తాయి, ఒక గుంతలో కుళ్లు పుడితే పక్కదానికి చేరుతుంది, నడిచే మనిషి అడుగు ఏదో ఒకదాని మీద పడుతుంది. నిరుడు వాడిన నేల ఈ ఏడు వాడకూడదు, పక్కకు జరగాలి. సరుగుడు తోట నీడ చల్లగా ఉంటుందని దాన్ని ఆనించి కంచె కట్టడం మన తీరంలో మామూలు పొరపాటు. సరుగుడు వేళ్లు తడి వెతుక్కుంటూ గుంతలోకి వచ్చి గుడ్లను చుట్టేస్తాయి. పిల్లలు ఆ వేళ్లలో చిక్కుకుని చచ్చిపోతాయి.

ఇక వేడి. గుడ్డులోది ఆడో మగో ఇసుక వేడే తేలుస్తుంది. దాదాపు 29, 30 డిగ్రీల దగ్గర రెండూ కలిసి పుడతాయి. అంతకంటే వేడైతే ఆడవి, చల్లనైతే మగవి పెరుగుతాయి. ఇది తేలేది పొదుగు కాలపు నడిమి భాగంలో. 34, 35 డిగ్రీలు దాటి నిలిచిందంటే పిండాలే చచ్చిపోతాయి. మార్చి, ఏప్రిల్ ఎండల్లో హేచరీకి పందిరి కావాలి కానీ, మొత్తం కప్పేస్తే ఆ ఏటి పిల్లలన్నీ ఒకే రకం అయ్యే ప్రమాదం. కొంత భాగానికే తాటాకు పందిరో, షేడ్ నెట్టో వేసి, గుడ్ల లోతుకు థర్మామీటరు దింపి రోజూ రెండు పూటలా రాసుకోవాలి. ఖరీదైన సాధనమేమీ కాదు, దాన్ని వాడే హేచరీలు మాత్రం తక్కువ.

పొదుగు 45 నుంచి 60 రోజులు. నలభై రోజులు దాటాక ప్రతి గుంత మీద వెదురు బుట్టో, జాలీ బుట్టో బోర్లించి పది సెంటీమీటర్లు ఇసుకలోకి దింపాలి. కంచె అడుగు కూడా పాతకపోతే కుక్క కింద నుంచి తవ్వుతుంది, ఇసుక పీతకైతే కంచె ఉన్నా లేనట్టే. బుట్ట వేశాక చీకటి పడ్డ దగ్గర్నుంచి తెల్లారేదాకా అరగంటకోసారి చూడాలి. బుట్ట వేసి నిద్రపోవడం కంటే వెయ్యకపోవడం మంచిది. బుట్టలో ఇరుక్కున్న పిల్లలు చీమలకు దొరుకుతాయి, తెల్లారితే ఎండకు. పిల్లలు రాగానే లెక్కపెట్టి, నీళ్లకు పది మీటర్ల దూరంలో ఇసుక మీద వదలాలి. అవే నడవాలి. చేత్తో అలలోకి విసరడం ఏ పద్ధతిలోనూ లేదు. రోజూ ఒకే చోట వదలకూడదు, చేపలు అలవాటు పడి కాచుకుంటాయి. ఎదురుగా ఉన్న లైట్లు ఆర్పించాలి. పిల్లకు వెలుగున్న వైపే సముద్రం. రిసార్టు వెలిగితే రిసార్టే సముద్రం, రొయ్యల హేచరీ ఫ్లడ్‌లైటు వెలిగితే అదే సముద్రం.

చివరి పిల్ల వచ్చిన రెండు మూడు రోజులకు గుంత తవ్వి చూడాలి. ఈ పని వాసనకు భయపడి చాలామంది ఎగ్గొడతారు. కానీ ఏం తప్పు చేశామో గుంతే చెప్తుంది. ఖాళీ పెంకుల్ని మొత్తం గుడ్లతో భాగిస్తే పొదుగు శాతం వస్తుంది. మిగిలిన గుడ్లను చీల్చి చూడాలి. లోపల ఏమీ ఎదగనివి ఒకటి రెండు ఉంటే సహజం. పిండం చిన్నగా ఉండగానే చచ్చినవి ఎక్కువుంటే గుడ్లు ఆలస్యంగా తెచ్చారు, లేదా దొర్లించారు. పూర్తిగా ఎదిగి పెంకులోనే చచ్చినవి ఎక్కువుంటే వేడి, లేదా పోటు నీరు నిలవడం. పిల్లలు మెడ దగ్గర ఇరుక్కుని ఉంటే గుంత ఆకారం, లేదా వేళ్లు. 'లక్ష పిల్లల్ని వదిలాం' అనే వార్తలో ఎన్ని గుడ్లు తెస్తే లక్ష వచ్చాయో ఉండదు. రెండో అంకె లేని మొదటి అంకెకు అర్థం లేదు.

ఉత్తి జాడలు రాయాలని అందుకే అన్నాం. ఒక తాబేలు ఒక సీజన్‌లో ఒకటికి మించి గుంతలు పెట్టవచ్చు కాబట్టి గుంతల సంఖ్య తాబేళ్ల సంఖ్య కాదు. నిరుడు పది కిలోమీటర్లు, ఈ ఏడు ఇరవై కిలోమీటర్లు నడిచి గుంతలు రెట్టింపయ్యాయని సంబరపడితే పెరిగింది మన నడకే. ఎన్ని రాత్రులు, ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గుంతలు, ఎన్ని ఉత్తి జాడలు, ఎన్ని కళేబరాలు: ఈ అయిదూ ఏటా ఒకే తీరుగా రాస్తే పదేళ్లకు ఏదైనా చెప్పగలం. ఉత్తి జాడలు ఒకచోట హఠాత్తుగా పెరిగితే అక్కడ కొత్త లైటో, కొత్త గోడో వచ్చిందేమో వెళ్లి చూడాలి. జాడ చూశాక అడ్డంగా కాలితో గీత గీయడం మరవొద్దు, లేకపోతే వెనక వచ్చే జట్టు దాన్నే మళ్లీ లెక్కిస్తుంది.

కళేబరాల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. హేచరీలో ఎంత కష్టపడినా, పెద్ద తాబేలు ఒక్కటి చనిపోతే ఆ లోటు కొన్ని గుంతల పిల్లలతో పూడదు. రిడ్లే గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదేళ్లకు పైనే పడుతుంది. తాబేలు ఊపిరితిత్తులతో బతికే జంతువు. మరబోట్లు నీటి కింద లాగే ట్రాల్ వలలో గంటకు పైగా నీటి కింద ఉండిపోతే మునిగి చనిపోతుంది. టేకు చేపల (రే చేపల) కోసం వేసే పెద్ద కన్ను వలల్లోనూ అంతే. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అది చేపల కోసం పెట్టిన గడువు. తాబేళ్లు ఒడ్డు పక్కన గుమిగూడేది జనవరి నుంచి మార్చి దాకా. నిషేధం మొదలయ్యేసరికి చాలా తాబేళ్లు గుడ్లు పెట్టి వెళ్లిపోయి ఉంటాయి, కొన్ని ఒడ్డున కుళ్లుతుంటాయి. ఒడిశాలో ధామ్రా, దేవి, ఋషికుల్య నదుల ముఖద్వారాల దగ్గర నవంబర్ 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల మేర వేట ఆపుతారు. ఋషికుల్య ఒడ్డున గుడ్ల గుంతలకు కాపలా కాసే గ్రామాల్లో మన తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలూ ఉన్నాయి. ఆ తాబేళ్లకు ఇచ్ఛాపురం దగ్గర సరిహద్దు ఉందని తెలియదు.

మన దగ్గర అంత నిషేధం పెట్టమని అడగడం లేదు, తెప్పల మీద బతికేవాళ్ల పొట్ట కొట్టకూడదు. ఇప్పటికే ఉన్న నిబంధన ప్రకారం మరబోట్లు తీరానికి 8 కిలోమీటర్ల లోపల వేట చేయకూడదు. తాబేళ్లు గుమిగూడేది ఆ పట్టీలోనే. జనవరి నుంచి ఏప్రిల్ మధ్య ఆ ఒక్క నిబంధనను రాత్రిపూట కూడా అమలు చేస్తే తాబేలుకూ మేలు, తెప్పకూ మేలు.

రెండోది, వలకు పెట్టే తాబేలు తలుపు, టెడ్ అంటారు. కోలగా ఉండే స్టీలు చట్రం, అందులో నిలువు ఊచలు. వల మెడలో, చివరి సంచికి ముందు, ఏటవాలుగా కుడతారు. రొయ్య ఊచల సందులోంచి సంచిలోకి పోతుంది, తాబేలు ఊచలకు తగిలి పైతలుపు తోసుకుని బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గట్టు దీన్ని తయారు చేసింది, ఆ సంస్థకు విశాఖలోనూ కేంద్రం ఉంది. బోటు యజమానుల భయం అబద్ధమేమీ కాదు: చట్రం మరీ పడుకున్నట్టు ఉంటే, లేదా దుంగలు, తుక్కు ఊచలకు అడ్డుపడితే, సరుకు తలుపులోంచి పోతుంది. అప్పుడు తాడుతో తలుపు కట్టేస్తారు. అందుకే చట్రం పంచిపెట్టి ఫొటో దిగితే సరిపోదు, వాలు సరిచేసి కుట్టడం, తుక్కు దులపడం బోటు మీదకెక్కి నేర్పాలి. ఈ తాబేలు తలుపులు లేవనే కారణంతో అమెరికా 2019 నుంచి మన సముద్రపు రొయ్యల్ని కొనడం లేదు. చెరువు రొయ్యకు ఆ నిషేధం వర్తించదు గనక మన జిల్లాల్లో ఎవరికీ పెద్దగా పట్టలేదు.

వలలో చలనం లేకుండా వచ్చిన తాబేలును చచ్చిందని సముద్రంలో పారేయకండి. చాలాసార్లు అది స్పృహ తప్పినదే, అలాగే పారేస్తే మునిగిపోతుంది. పొట్ట కిందికి ఉండేట్టు పెట్టి, వెనక భాగం కింద టైరో చెక్కో పెట్టి జానెడు ఎత్తు లేపితే ఊపిరితిత్తుల్లోని నీరు బయటికి వస్తుంది. నీడలో ఉంచి, తడి గుడ్డ కప్పాలి. నాలుగు గంటలు పట్టవచ్చు, ఒక్కోసారి రోజంతా పట్టవచ్చు. కదలిక వచ్చాక ఇంజను ఆపి, వల లేని వైపు మెల్లగా దింపాలి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరాన్ని కూడా ఊరికే పూడ్చేయకుండా ముందు డిప్ప పొడవు కొలిచి, తోక చూసి (పొడవు తోక మగదానికి), తాడు గుర్తులు, కోతలు ఫొటో తీసి, డిప్ప మీద రంగు గుర్తు వేసి, ఆ తర్వాత లోతుగా పూడ్చాలి. ఇవి 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువులు. గుడ్లు తియ్యడం, హేచరీ నడపడం ఏదైనా అటవీ శాఖ అనుమతితోనే చెయ్యాలి. ఉత్సాహంతో సొంతంగా గుడ్లు తవ్వి ఇంటి వెనక ఇసుకలో పాతిపెట్టే యువకులకు ఈ మాట ప్రత్యేకం.

మీ పత్రికను అడిగేది చిన్న విషయమే. ఈ సీజన్‌లో తాబేలు పిల్లల విడుదల ఫొటో వేసినప్పుడు కింద అతిథుల పేర్లతో పాటు రెండు సమయాలు కూడా అచ్చు వేయండి: పిల్లలు ఇసుకలోంచి పైకి వచ్చింది ఎన్ని గంటలకు, నీళ్లలోకి వదిలింది ఎన్ని గంటలకు. మీ విలేకరి ఈ రెండూ అడగడం మొదలుపెడితే కార్యక్రమాలు వాటంతట అవే రాత్రికి మారతాయి.

ఇట్లు,
తాబేళ్ల గస్తీ స్వచ్ఛంద సేవకులు కొందరు,
ఉత్తరాంధ్ర తీరం